గడప దాటని మరకాళ్లు

నెల్లూరు జిల్లాలో ఈ జబ్బు మొదట ఎద్దుల్లో కనబడిందంటారు. 1930ల తొలి సంవత్సరాల్లో కొన్ని పల్లెల్లో పొద్దున్నే అరక కట్టబోతే ఎద్దులు లేవలేకపోయేవి. బలవంతాన లేపినా కీళ్లు బిగుసుకుపోయి అడుగు పడేది కాదు. కొన్నేళ్లకు ఆ బిగుతే మనుషుల్లోనూ తేలింది. మెడ తిప్పలేరు, నడుం వంచలేరు, కొందరికి క్రమంగా రెండు కాళ్లూ చచ్చుబడేవి. తాగే నీళ్లలోని ఫ్లోరైడే దీనికి మూలమని 1937లో షార్ట్, మాక్‌రాబర్ట్ తదితర వైద్యులు ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో రాశారు. మన దేశంలో ఫ్లోరోసిస్ వైద్యచరిత్ర అక్కడే మొదలైంది. అప్పటి నెల్లూరు జిల్లా ఇప్పటికన్నా పెద్దది. కనిగిరి, పొదిలి, దర్శి 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా నెల్లూరువే. అవి పోయాక మిగిలిన మెట్టలో ఉదయగిరి వైపు బోరునీళ్లకు ఫ్లోరైడ్ నీళ్లన్న పేరు ఇంకా పోలేదు.

అలాంటి చోట ఈ మధ్య వాట్సాప్‌లో ఒక వీడియో తిరుగుతూ ఉంటుంది. చక్రాల కుర్చీలో ఉన్న మనిషికి నడుముకూ తొడలకూ పిక్కలకూ పట్టీలు బిగిస్తారు. సన్నగా మోటారు చప్పుడు. మనిషి లేచి నిలబడతాడు, ఊతకర్రలు పట్టుకుని నడుస్తాడు. చుట్టూ చప్పట్లు. అది చూసిన ఇంట్లో ఎవరో ఒకరు అడుగుతారు: "అన్నా, ఇది మన మామకి పనికొస్తుందంటావా? ఎంతవుతుందంట?"

ఎంతవుతుందనేది లెక్క. కాగితం, పెన్సిలు ఉంటే తేలుతుంది. పనికొస్తుందా అన్నదానికి మాత్రం మామ ఒళ్లూ చూడాలి, ఇల్లూ చూడాలి.

ఆ యంత్రం పేరు ఎక్సోస్కెలిటన్. అంటే ఒంటి బయట ఉండే అస్థిపంజరం. రొయ్యల చెరువుల జిల్లావాళ్లకు ఈ మాట విడమర్చి చెప్పక్కర్లేదు. రొయ్యకు గట్టిదనమంతా పైడొల్లలోనే, లోపల మెత్తటి కండ. ఈ యంత్రమూ అంతే. చట్రం బయట, కదల్లేని కాలు లోపల. తుంటి దగ్గర, మోకాలి దగ్గర మోటార్లు, వీపున బ్యాటరీ, దాని పక్కనే చిన్న కంప్యూటరు. మనం మాట వరసకు మరకాళ్లు అందాం.

నడక మనకు పుట్టుకతో వచ్చిన విద్య కాదు. ఏడాది పాటు పడీ లేచీ నేర్చుకున్నది. నేర్చుకున్నాక మరిచిపోయాం కాబట్టి తేలికనిపిస్తుంది. నిజానికి నడిచేటప్పుడు నూటికి ఎనభై వంతుల సమయం మనం ఒంటికాలి మీదే ఉంటాం. ఒళ్లు ముందుకు పడబోతుంది, కాలు అందుకుంటుంది, మళ్లీ పడబోతుంది, రెండో కాలు అందుకుంటుంది. ఇది పడకుండా పడుతూ పోవడం. పాదం కింద గులకరాయి ఉందా, బురద ఉందా అన్న కబురు క్షణంలో వెన్నుపాము గుండా పైకి వెళ్తుంది, పిక్కకు, తుంటికి ఆజ్ఞ తిరిగి వస్తుంది. తాటిచెట్టు మీంచి పడో, నెల్లూరు–ముంబై రోడ్డు మీద బండి బోల్తాపడో వెన్నుపాము తెగితే ఆగిపోయేది కండ బలం ఒక్కటే కాదు. ఈ కబుర్ల రాకపోకలు కూడా ఆగిపోతాయి. పాదానికి మేకు గుచ్చుకున్నా తలకు తెలియదు.

మరకాళ్లు కండకు బదులు మోటారును పెట్టాయి. కబుర్ల పనిని మాత్రం అరకొరగానే చేయగలుగుతున్నాయి. ఇజ్రాయెల్‌లో పుట్టిన రీవాక్ అనే యంత్రాన్నే తీసుకుందాం. ఇంట్లో, వీధిలో సొంతంగా వాడుకోవడానికి అమెరికాలో మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2014లో మొదటిసారి అనుమతిచ్చింది దీనికే. మణికట్టుకు గడియారం లాంటి మీట ఉంటుంది. లేవాలా, కూర్చోవాలా, నడవాలా అన్నది దాని మీద ఎంచుకోవాలి. నడవాలనుకుంటే మనిషి ఛాతీని కాస్త ముందుకు వంచుతాడు. ఆ వంపును యంత్రం పసిగట్టి ఒక కాలిని ముందుకు ఊపుతుంది. బరువు అటు మళ్లాక మళ్లీ వంపు, మళ్లీ అడుగు. పక్కకు ఒరిగితే ఆపే శక్తి దీనికి లేదు. ఆ పని రెండు చేతుల్లోని ఊతకర్రలదే. అందుకే శిక్షణలో పదుల గంటలు పోయేది కాళ్ల మీద కాదు, భుజాల మీద, బరువు మళ్లించడం నేర్చుకోవడం మీద.

ఇక్కడే నాకు ఈ యంత్రంతో పేచీ. చక్రాల కుర్చీలో ఉన్న మనిషికి చేతులు ఖాళీగా ఉంటాయి. ఒళ్లో పళ్లెం పెట్టుకోగలడు, చంటిబిడ్డను కూర్చోబెట్టుకోగలడు, దుకాణంలో చిల్లర లెక్కపెట్టగలడు. మరకాళ్ల మీద నిలబడ్డ మనిషికి కాళ్లు వచ్చాయి గానీ చేతులు పోయాయి. నిలబడి చెంబెడు నీళ్లు కూడా తెచ్చుకోలేడు. పక్కన తర్ఫీదు పొందిన మనిషి ఒకరు ఉండాలని ఎఫ్‌డీఏ నియమం కూడా ఉంది.

వేగం? బాగా అలవాటైనవాళ్లు కూడా సెకనుకు అర మీటరు అటూ ఇటూ నడుస్తారు. మామూలు మనిషి నడక దానికి రెండున్నర రెట్లు. 2012లో క్లేర్ లోమాస్ అనే బ్రిటిష్ మహిళ ఈ యంత్రంతోనే లండన్ మారథాన్ పూర్తిచేసింది. ప్రపంచం నివ్వెరపోయింది, పోవాల్సిందే. ఆ 42 కిలోమీటర్లకు ఆమెకు పట్టింది 17 రోజులు. ఆమె పట్టుదలకు అది కొలత. ఆత్మకూరు బస్టాండులో కదలబోతున్న ఉదయగిరి బస్సును అందుకోవడానికి కాదు.

ఇక ఎవరికి సరిపోతుంది అన్నది. రీవాక్‌కు కొలతలున్నాయి. ఎత్తు 160 నుంచి 190 సెంటీమీటర్ల మధ్య ఉండాలి, బరువు వంద కిలోలు దాటకూడదు. మన దేశంలో ఆడవాళ్ల సగటు ఎత్తు దాదాపు 152 సెంటీమీటర్లు. అంటే ధర సంగతికి వెళ్లకముందే మన ఇళ్లలోని ఆడవాళ్లలో ఎక్కువమందిని టేపు పట్టుకున్నవాడే వెనక్కి పంపేస్తాడు. వీధిలో వాడుకోవాలంటే దెబ్బ ఛాతీ భాగంలోని ఏడో వెన్నుపూస దగ్గరగానీ ఆ కింద గానీ తగిలి ఉండాలి, ఊతకర్రలు పట్టే చేతులు, భుజాలు బాగుండాలి. కాలి ఎముకలు గట్టిగా ఉండాలి. వెన్నుపాము దెబ్బతిన్న మొదటి రెండు మూడేళ్లలోనే కాలి ఎముకలు సున్నం కోల్పోయి గుల్లబారతాయి. అలాంటి ఎముక మీద ఒక్కసారిగా బరువు పడితే విరుగుతుంది, విరిగిన నొప్పి కూడా తెలియదు. ఈ యంత్రాల వాడకంలో అలా ఎముకలు విరిగిన ఉదాహరణలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. అన్నిటినీ మించి తుంటి, మోకాలు, చీలమండ సాఫీగా మడతపడాలి, చాచుకోవాలి. బిగుతు కొద్ది డిగ్రీలు మించితే యంత్రం పనికిరాదు.

ఫ్లోరోసిస్ ముదిరినవాళ్ల సంగతి ఇప్పుడు చూడండి. ఎముక మీద ఎముక పేరుకుంటుంది. కీళ్ల చుట్టూ ఉండే నారల్లాంటి కట్లు సున్నంగా మారతాయి. వెన్నెముక పూసలన్నీ అతుక్కుపోయి ఒకే కడ్డీ అవుతాయి, అదీ ముందుకు వంగిపోయి. లోపల వెన్నుపాము వెళ్లే గొట్టం సన్నబడి దాన్ని నొక్కుతుంది, కాళ్లు చచ్చుబడేది అందుకే. ఆపరేషన్ చేయాలంటే రాయిలా బిరుసెక్కిన ఎముకను తొలవాలి. మోకాళ్లు సగం మడిచిన భంగిమలోనే స్థిరపడిపోయిన మనిషికి, మోకాళ్లు చాచమని అడిగే యంత్రం ఎందుకు? పడమటి నెల్లూరు పేరు వైద్యగ్రంథాల్లోకి ఎక్కడానికి కారణమైన జబ్బు ఏదో, ఆ జబ్బు మనుషులకే ఈ యంత్రం సరిపడదు. వీడియోలో ఇది చెప్పరు.

సరే, మామది ఫ్లోరోసిస్ కాదు, చెట్టు మీంచి పడ్డాడు, ఎత్తు సరిపోయింది, ఎముకలు గట్టివే అనుకుందాం. ధర చూద్దాం.

అమెరికాలో వృద్ధులకు, వికలాంగులకు ప్రభుత్వం నడిపే బీమా మెడికేర్. 2024 ఏప్రిల్‌లో అది రీవాక్ రకం యంత్రానికి చెల్లించే మొత్తాన్ని 91,032 డాలర్లుగా ఖరారు చేసింది. డాలరు 85 రూపాయలనుకుంటే 77 లక్షల పైచిలుకు. దిగుమతి సుంకం, శిక్షణ, రాకపోకలు ఇందులో లేవు. ఇటు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 జులై నుంచి ఎన్టీఆర్ భరోసా కింద వికలాంగులకు నెలకు 6,000, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు 15,000 పింఛను ఇస్తోంది. ఆ పదిహేను వేలలో ఒక్క రూపాయి ఖర్చుపెట్టకుండా దాచితే యంత్రం కొనడానికి 516 నెలలు, అంటే 43 ఏళ్లు. ఆరు వేల పింఛనుదారు అయితే నూట ఏడేళ్లకు పైగా దాచాలి.

ఇదీ పూర్తి లెక్క కాదు. ఇలాంటి పరికరాల ఆయుష్షును అమెరికాలో అయిదేళ్లుగా కడతారు. 77 లక్షలను అయిదేళ్లకు పంచితే రోజుకు 4,200 పైనే పడుతుంది. 2024–25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ రోజు కూలి 300 రూపాయలు. యంత్రాన్ని మూల నిలబెట్టినా సరే, రోజూ పద్నాలుగు మంది కూలి దాని ఖాతాలోకి పోతూ ఉంటుంది.

ఆయుష్షు అన్నాను గదా. 2024లో అమెరికాలో ఒకాయన మరకాళ్లు ఆగిపోయాయి. మోటారు పోలేదు, చట్రం విరగలేదు. చేతి గడియారం మీటలో బ్యాటరీకి వెళ్లే చిన్న తీగ ఊడింది. రెండు వేల రూపాయలు కూడా చేయని పని. యంత్రానికి అయిదేళ్లు దాటాయి కాబట్టి బాగుచేసేది లేదని తయారీదారు మొదట చెప్పేశారు. పత్రికల్లో గోల అయ్యాక దిగివచ్చారు. అప్పటిదాకా రెండు నెలల పాటు ఆయన కుర్చీలోనే. మన దగ్గర మోటారు బిగించిన మూడు చక్రాల బండి ఆగిపోతే ఆత్మకూరులో పంక్చర్ షాపువాడో, స్కూటర్ మెకానిక్కో చూసి సాయంత్రానికి తిప్పి పంపిస్తాడు. వస్తువు ధర ఒకటే కాదు, అది పాడైన రోజున ఎంత దూరం మోసుకుపోవాలన్నదీ ధరే. ఉదయగిరి నుంచి నెల్లూరే దాదాపు వంద కిలోమీటర్లు.

డబ్బూ రిపేరూ పక్కనపెట్టి, యంత్రం ఇచ్చేసి చూసినవాళ్లు ఉన్నారు. అమెరికాలో మాజీ సైనికుల ఆరోగ్య శాఖ వెన్నుపాము దెబ్బతిన్న 161 మందిని తీసుకుంది. కొందరికి చక్రాల కుర్చీతో పాటు మరకాళ్లు కూడా ఇళ్లకు ఇచ్చింది, మిగతావాళ్లకు కుర్చీ మాత్రమే. ఫలితాలు 2024లో జామా నెట్‌వర్క్ ఓపెన్ పత్రికలో వచ్చాయి. మనసు స్థితిలో, జీవన నాణ్యతలో రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. యంత్రం ఉచితం, శిక్షణ ఉచితం, తోడు మనిషి ఏర్పాటూ ఉంది, అయినా.

నాకు ఇందులో ఆశ్చర్యం తక్కువ. కుర్చీలో ఉన్నవాళ్లకు ఏం కావాలో వాళ్లనే అడిగిన పరిశోధన ఒకటి 2004లో వచ్చింది. కిమ్ ఆండర్సన్ చేసినది. తానూ వెన్నుపాము దెబ్బతిన్న మనిషే. 681 మందిని అడిగితే, చేతులూ కాళ్లూ రెండూ పోయినవాళ్లు మొదట కోరింది చేతుల కదలిక. కాళ్లు మాత్రమే పోయినవాళ్లు మొదట కోరింది దాంపత్య జీవితం. మూత్రం, విరేచనం మీద అదుపు కావాలన్నది ఇద్దరి జాబితాల్లోనూ పైనే ఉంది. నడక మొదటి వరసలో లేదు. నడక కోసం తపించేది ఎక్కువగా చుట్టూ ఉన్న మనం. మనవాడు నిలబడితే మనకు కళ్లు చల్లబడతాయి. వాడికి మాత్రం పొద్దున బాత్‌రూమ్ పని ఎవరినీ పిలవకుండా అయిపోతే చాలు.

అలాగని మరకాళ్లు ఆటబొమ్మలనడం అన్యాయం. ఆసుపత్రిలో అవి పనిమంతులు. పక్షవాతం వచ్చి ఒక పక్క బలహీనపడ్డవాళ్లకు, వెన్నుపాము పూర్తిగా తెగక కొంత స్పర్శ మిగిలినవాళ్లకు నడకను తిరిగి నేర్పాలంటే అదే అడుగు వందలసార్లు వేయించాలి. ఇద్దరు ఫిజియోథెరపిస్టులు చెరో కాలూ పట్టి చేసే ఆ పని యంత్రం అలసిపోకుండా చేస్తుంది. నిలబడటం వల్ల కండరాల బిగుతు తగ్గిందని, విరేచనం సాఫీ అయిందని చెప్పేవాళ్లూ ఉన్నారు. ఒక యంత్రాన్ని రోజుకు పది మంది వాడితే 77 లక్షల లెక్క కూడా వేరే ముఖం పెడుతుంది. బెంగళూరులో జెన్‌ఎలెక్, బయోనిక్ యంత్ర లాంటి సంస్థలు ఇలాంటి పరికరాలను మన దేశంలోనే తయారుచేసే పనిలో ఉన్నాయి. తిరుపతిలో టీటీడీ 1985లో పెట్టిన బర్డ్ ఆసుపత్రి పోలియో పిల్లలకు ఆపరేషన్లు చేసి, కాలిపర్లు తొడిగి పంపిన చోటు. ఇలాంటి యంత్రం మన వైపుకు వస్తే అలాంటి చోట ఉండాలి గానీ ఇంటి మూల కాదు.

రీవాక్ కథలో నాకు బాగా నచ్చిన మలుపు ఒకటి చెప్పాలి. దాన్ని కనిపెట్టిన ఇంజనీరు అమిత్ గోఫర్ 1997లో ప్రమాదంలో మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిని కుర్చీకి చేరాడు. చేతుల్లో కూడా బలం పోవడంతో ఊతకర్రలు పట్టలేడు. తను కనిపెట్టిన యంత్రాన్ని తనే వాడలేకపోయాడు. ఆ తర్వాత ఆయన చేసిందేమిటో తెలుసా? అప్‌ఎన్‌రైడ్ అని ఇంకో పరికరం. అందులో అడుగులు లేవు. కూర్చున్న మనిషిని నిలువుగా లేపి, నిలబెట్టే తీసుకుపోయే చక్రాల బండి అది.

ఆ ఆలోచనకు మన పొరుగునే చవక రూపం ఉంది. మద్రాసు ఐఐటీలో సుజాత శ్రీనివాసన్ నడుపుతున్న టీటీకే కేంద్రం అరైజ్ అనే నిలబెట్టే చక్రాల కుర్చీని 2019 నవంబరులో విడుదల చేసింది. మోటారు లేదు, బ్యాటరీ లేదు. మనిషి తన చేత్తో మీట తిప్పుకుని మెల్లగా నిలువవుతాడు, అలిసిపోతే కూర్చుంటాడు. అప్పట్లో చెప్పిన ధర దాదాపు 15,000. అంటే మన పింఛను లెక్కలో ఒక నెల. ఒక్క రీవాక్ డబ్బుతో ఇలాంటివి 516 వస్తాయి. అదే కేంద్రం నుంచి పుట్టిన నియోమోషన్ సంస్థ కుర్చీకి ముందు తగిలించే మోటారు చక్రాన్ని, నియోబోల్ట్‌ను, తెచ్చింది. తగిలిస్తే కుర్చీయే మూడు చక్రాల బండి అవుతుంది, ఒకసారి చార్జి చేస్తే పాతిక కిలోమీటర్ల దాకా పోతుంది. కుర్చీ, మోటారు కలిపి మొదట్లో లక్షకు కాస్త లోపు పెట్టారు. రాష్ట్ర ప్రభుత్వం మోటారు మూడు చక్రాల బండ్లను నియోజకవర్గానికి పది చొప్పున ఇస్తోంది. ఆత్మకూరుకు పది, ఉదయగిరికి పది. తక్కువే, కానీ ఆ ఇరవై మంది మర్నాడే బజారుకు పోగలరు.

బజారుకు పోవడానికి ముందు ఇల్లు దాటాలి. చక్రాల కుర్చీకి వాలు కట్టేటప్పుడు గుర్తుంచుకోవాల్సిన లెక్క ఒకటే: అంగుళం ఎత్తుకు అడుగు పొడవు. ఆరంగుళాల మెట్లు నాలుగు ఉన్న ఇంటికి ఇరవై నాలుగు అడుగుల వాలు కావాలి. చాలామంది మేస్త్రీలు ఆరడుగులకే ముగించేస్తారు. అలాంటి వాలు ఎక్కేటప్పుడు కుర్చీ వెనక్కి తిరగబడుతుంది. తలుపు మూడడుగుల వెడల్పు ఉండాలని నియమం. మన కాలనీ ఇళ్లలో బాత్‌రూమ్ తలుపు రెండున్నర అడుగులు ఉంటే అదృష్టం, కుర్చీ వెడల్పే రెండడుగుల పైన. లోపలికి పోయాక తిప్పుకోవడానికి అయిదడుగుల చోటు కావాలి. మరకాళ్లు తగిలించుకున్నా ఈ గడప తప్పదు. ఆ యంత్రం కొత్త రకానికి మెట్లెక్కే అనుమతి 2023లోనే వచ్చింది, అదీ కొలతకు కట్టిన మెట్లకు. పొద్దున్నే కళ్లాపి చల్లిన వాకిట్లో, డ్రైనేజీ మీద ఊగే కడప బండ మీద ఊతకర్ర జారితే పడేది మనిషీ, మీద పాతిక కిలోల ఇనుమూ. ఇంకా మే నెల ఎండ ఉంది. వెన్నుపాము దెబ్బతిన్న చోటుకు కింద చెమట పట్టదు, ఒళ్లు తనను తాను చల్లబరుచుకోలేదు. రోహిణి కార్తెలో ఉదయగిరి కొండ కింద పట్టీలన్నీ బిగించుకుని నిలబడమని ఎవరికైనా చెప్పగలమా?

నీళ్ల సంగతి చెప్పకుండా ముగిస్తే మొదట్లో తెచ్చిన ఎద్దులు ఊరుకోవు. పెన్నమీద సోమశిల జలాశయం నిండితే 78 టీఎంసీలు. అక్కడికి ఉత్తరాన మెట్ట పల్లెల్లో బోరు లోతుకు పోయేకొద్దీ ఫ్లోరైడ్ పలకరిస్తూనే ఉంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని మన ప్రమాణం. వేరే నీళ్లు దొరక్కపోతే ఒకటిన్నర దాకా సరిపెట్టుకోమంటుంది. జలాశయం నీళ్లు గొట్టంలో ఇంటికి వస్తే రేపటి పిల్లలకు వెన్ను బిగుసుకోదు. అయితే ఆనకట్టలు కూడా అమాయకమైనవేం కావు. నల్గొండ ప్రాంతంలో పిల్లలకు మోకాళ్లు లోపలికి వంగిపోవడాన్ని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1973లో లాన్సెట్‌లో రాశారు. తర్వాత దానికి చెప్పిన కారణాల్లో నాగార్జునసాగర్ ఊటనీరు భూమిలోపలి నీళ్ల గుణాన్ని మార్చిందన్నది ఒకటి. కాలువ పారితే చాలదు, తాగే నీళ్లు కాలువ పక్క బావివా, గొట్టంవా అన్నది చూడాలి.

ఇక మామకు ఏం చెప్పాలి? ముందు మంచి మెత్త కొనమంటాను. నాలుగు వేల రూపాయల మెత్త లేక, కుర్చీలో కదలకుండా కూర్చుని, పిరుదుల మీద పుండ్లు పడి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు వెన్నుపాము రోగుల్లో తక్కువేం కాదు. పావుగంటకోసారి చేతులు ఆనించి ఒళ్లు లేపడం నేర్పించాలి. నెల్లూరులో వికలాంగుల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన ప్రాంతీయ కేంద్రానికి ఒకసారి తీసుకుపోయి కుర్చీ కొలతలు సరిచూపించాలి. ఆ తర్వాత ఉదయగిరి వెళ్లాలి. చెక్క గరిటెలు, స్పూన్లు చెక్కే ఊరు అది. అక్కడ ఒక పనివాడికి చెబితే మంచానికీ కుర్చీకీ మధ్య జారడానికి పలక ఒకటి చేసిస్తాడు. పొడవు రెండున్నర అడుగులు, వెడల్పు ముప్పాతిక అడుగు, మందం అంగుళానికి కాస్త తక్కువ. రెండు కొసలూ పలచబడుతూ రావాలి, గరిటె అంచు నునుపు తేల్చినట్టు పైన పెచ్చు లేకుండా రుద్దాలి. చర్మానికి స్పర్శ ఉండదు కాబట్టి ముల్లంత పేడు కూడా మిగలకూడదు.